పరిశోధన ప్రచురణ పాఠంలో సామాజిక న్యాయాన్ని ఎక్కడ చేర్చాలి?

గ్రంథాలయ శాస్త్ర విద్యార్థులకు స్కాలర్లీ కమ్యూనికేషన్ (పరిశోధనలు ప్రచురణై పాఠకులకు చేరే వ్యవస్థ) బోధించేటప్పుడు సామాజిక న్యాయానికి చివర్లో ఒక యూనిట్ కేటాయిస్తే చాలునా అని అడిగారు. చాలదు. ఈ సబ్జెక్టు కొన్నేళ్లుగా చెబుతున్నాను. చివరి యూనిట్‌కు వచ్చేసరికి కాపీరైటు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (పత్రిక వ్యాసాలను సగటున ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే అంకె), పత్రికల చందాలు అన్నీ న్యాయాన్యాయాలతో సంబంధం లేని సాంకేతిక విషయాలన్న అభిప్రాయం విద్యార్థుల్లో పాతుకుపోతుంది. తర్వాత దాన్ని కదిలించడం కష్టం.

నేను మొదటి క్లాసులోనే తలా ఒక పరిశోధన పత్రం ఇచ్చి దాని పుట్టుపూర్వోత్తరాలు తీయమంటాను. పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారు? ప్రచురణకు ముందు దాన్ని పరిశీలించిన సమీక్షకులకు ఏమైనా ముట్టిందా? హక్కులు ఎవరికి రాసిచ్చారు? ఇప్పుడు చదవాలంటే ఎవరు చెల్లించాలి? ప్రజాధనంతో జరిగిన పరిశోధనను ప్రజాధనంతోనే నడిచే గ్రంథాలయం మళ్లీ కొనుక్కుంటోందని వాళ్లే కనిపెడతారు. ఆ తర్వాత పరిశోధనలు ఎవరైనా ఉచితంగా చదవగలగాలని కోరే (ఓపెన్ యాక్సెస్) 2002 నాటి బుడాపెస్ట్ ప్రకటన చదివిస్తే ప్రతి వాక్యం అర్థమవుతుంది.

ఓపెన్ యాక్సెస్ వస్తే అన్యాయం పోయినట్టేనని వాళ్లు తేల్చేయకముందే పత్రికలు రచయితల నుంచి తీసుకునే రుసుముల పేజీ తెరిపించండి. 2021 జనవరి నుంచి నేచర్ అనే శాస్త్ర పత్రికలో ఒక వ్యాసాన్ని అందరికీ ఉచితంగా అందించాలంటే రచయిత పక్షాన 9,500 యూరోలు కట్టాలని ప్రకటించారు. పాఠకుడి ముందున్న అడ్డు రచయిత ముందుకు జరిగింది. దీనికి పక్కనే 1998లో బ్రెజిల్‌లో మొదలైన సైయెలో (SciELO) అనే ఉచిత పరిశోధన పత్రికల ఆన్‌లైన్ వేదికను చూపిస్తాను. పోర్చుగీసు, స్పానిష్ భాషల పరిశోధనకూ అక్కడ చోటుంది. ఇంగ్లీషులో రాయనివారి పని లెక్కలోకి రాకపోవడం గురించి చర్చ అక్కడినుంచి సహజంగా మొదలవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఇవ్వాల్సింది మాత్రం మరో ప్రశ్నకు: అన్నిటినీ తెరిచి పెట్టడం ఎప్పుడూ న్యాయమేనా? ఆదివాసుల ఔషధ మొక్కల పరిజ్ఞానంపై రికార్డు చేసిన ఇంటర్వ్యూలు గ్రంథాలయ రిపాజిటరీకి (డిజిటల్ భాండాగారానికి) వచ్చాయనుకోమని ఒకసారి క్లాసులో చెప్పాను. అన్నీ ఆన్‌లైన్‌లో పెట్టాల్సిందేనని ఒక విద్యార్థి గట్టిగా వాదించాడు. "వాళ్లు సంతకం పెట్టిన కాగితంలో ఏముంది?" అని ఒక అమ్మాయి అడిగింది. అభ్యాసం కోసం నేనిచ్చిన అంగీకార పత్రం తీసి చూశారు. "పరిశోధన అవసరాల కోసం" అని మాత్రమే ఉంది. ఇంటర్నెట్ మాటే లేదు, తర్వాత వద్దనుకుంటే ఎవరిని అడగాలో లేదు. గంటసేపు వాదించుకుని ఆ పత్రాన్ని వాళ్లే తిరగరాశారు. ఆదివాసీ సమూహాల డేటా కోసం 2019లో వచ్చిన కేర్ (CARE) సూత్రాలను అప్పుడు పరిచయం చేశాను. సమష్టి ప్రయోజనం, నియంత్రణాధికారం, బాధ్యత, నైతికత అనే నాలుగూ వాళ్లు రాసుకున్న షరతుల్లోనే కనిపించాయి.

మార్కులు కూడా ఇలాంటి పనికే ఇవ్వండి. నిర్వచనాలు రాయించే బదులు, ప్రచురణ ఒప్పందం నమూనా ఇచ్చి రచయిత ఏ హక్కులు కోల్పోతున్నాడో గుర్తించమనండి, సవరణ కోరుతూ ప్రచురణకర్తకు ఉత్తరం రాయించండి. మీకు రెండు క్లాసులే దొరికితే ఆ ఒప్పందానికి ఒకటి, అంగీకార పత్రానికి ఒకటి కేటాయించండి.