3060 అంటే ఏ 3060, తల్లీ?

రాజమండ్రి

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి, నువ్వు జీతంలో దాచుకున్న డబ్బుతో గ్రాఫిక్స్ కార్డ్ కొంటున్నావని చెప్పాడు. పగలంతా ఆఫీసు, రాత్రిళ్లు బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో త్రీడీ బొమ్మలట. పాత క్యాబినెట్ మూత నువ్వే విప్పి, లోపల ఎంత జాగా ఉందో టేపుతో కొలిచావట కూడా. అది విని ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఫోన్ పెట్టేముందు మీ నాన్న, "3060 గానీ 4060 గానీ అంటోందిరా, 3060 ఎవరో తక్కువకి ఇస్తారట" అన్నాడు. అంతే, నాకు టెన్షన్ పట్టుకుంది. ఇరవై ఏళ్లు ఈ పెట్టెల మధ్యే బతికిన బాబాయి ఉండగా, ఒక్క ముక్క నన్ను అడగాలనిపించలేదా నీకు?

సరే, ముందు అసలు సంగతి. ఎన్‌విడియా కంపెనీవి 3060 పేరుతో బజారులో రెండు కార్డులున్నాయి. ఒకటి 2021 ఫిబ్రవరిలో వచ్చిన 12 జీబీది. దాని మెమరీ బస్, అంటే మెమరీకీ చిప్‌కీ మధ్య డేటా నడిచే దారి వెడల్పు, 192 బిట్లు, సెకనుకి 360 జీబీ డేటా కదులుతుంది. 2022 చివర్లో అదే పేరు మీద 8 జీబీది దింపారు. దానికి బస్ 128 బిట్లే, కదిలేది 240 జీబీనే. కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న చిన్న యూనిట్లు, రెండింటిలోనూ 3584. టెరాఫ్లాప్స్ (సెకనుకి ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చెయ్యగలదో) లెక్క వేస్తే రెండింటికీ 12.7 వస్తుంది. అంటే నువ్వు ఆ ఒక్క అంకె చూసి పోల్చుకుంటే రెండూ ఒకటే అనిపిస్తాయి. నీకు తక్కువకి ఇస్తానన్నది ఏది?

నేనెందుకింత కంగారు పడుతున్నానో తెలియాలంటే 2006 వేసవి సంగతి చెప్పాలి. నువ్వప్పుడు చంకలో పిల్లవి. దానవాయిపేటలో నా నెట్ సెంటర్ ఉండేది. సెలవుల్లో పిల్లలు గేములకి ఎగబడతారని ఆరు సిస్టమ్స్‌కి కార్డులు వేద్దామనుకున్నాను. షాపులో రెండు రకాలు చూపించారు. చిప్ ఒకటే, పేరు ఒకటే. ఒకటి 128 ఎంబీ, ఇంకోటి 256 ఎంబీ. రేటులో తేడా కొంచెమే. రెట్టింపు మెమరీ కదా అని, మీ పిన్ని గాజులు బ్యాంకులో పెట్టి ఆరూ 256వే తెచ్చాను. బయట బోర్డు మీద కూడా ఆ అంకె పెద్దగా రాయించాను.

మొదటి రోజే పిల్లల మొహాలు మాడిపోయాయి. కారు మలుపు తిరిగితే చాలు, తెర ఆగి ఆగి కదిలేది. డ్రైవర్లు మార్చాను. విండోస్ మళ్లీ ఎక్కించాను. అప్పు చేసి ర్యామ్ పెంచాను. ఏం చేసినా అంతే. పది రోజులయ్యాక కాకినాడ నుంచి రిపేర్లు చేసే స్నేహితుడొకడు వచ్చి, ఒక కార్డు పీకి ట్యూబ్‌లైట్ కింద పెట్టాడు. స్క్రూడ్రైవర్ మొనతో చూపించాడు. ఫ్యాన్ పక్కన నాలుగు నల్లటి మెమరీ చిప్పులు. వాటిని ఆనుకుని అదే కొలతలో నాలుగు ఖాళీ గళ్లు. ఒక్కో గడికి రెండు వైపులా సోల్డర్ చుక్కలు వరసగా మెరుస్తున్నాయి, పైన చిప్ లేదు. "ఒక్కో చిప్ 16 బిట్లురా. ఎనిమిది ఉంటే 128 బిట్లు. దీనికి నాలుగే, 64" అన్నాడు. ఆ మెమరీ వేగంతో 128 బిట్ల కార్డ్ సెకనుకి 6.4 జీబీ లాగితే, నాది 3.2 లాగేది. గోడౌన్ రెట్టింపు కట్టి గుమ్మం సగం పెట్టినట్టు. అట్టపెట్టె పక్కన చిన్న అక్షరాల్లో 64-బిట్ అని ఉండనే ఉంది. నేను చదవలేదు.

ఆ వేసవి అలా పోయింది. గాజులు విడిపించడానికి రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ మీ పిన్ని పెళ్లిళ్లకి మట్టిగాజులు వేసుకుని వెళ్లింది. ఒక్కమాట అనలేదు. అంటే బావుండేది.

నీ 3060 విషయంలోనూ అదే చోట తేడా. 12 జీబీ దాంట్లో ఆరు మెమరీ చిప్పులు, 8 జీబీ దాంట్లో నాలుగు.

ఇక 4060 సంగతి. టెరాఫ్లాప్స్ అంటే కోర్ల సంఖ్యని చిప్ గడియారం వేగంతో (గిగాహెర్ట్జ్‌లో) హెచ్చించి, ఒక్కో సైకిల్‌కి ఒక గుణకారం, ఒక కూడిక చొప్పున రెండుతో హెచ్చించడం. 3060కి 3584 × 1.777 × 2, అంటే 12.7. 4060కి 3072 × 2.46 × 2, అంటే 15.1. కోర్లు తక్కువైనా గడియారం వేగం వల్ల అది ముందుంది. కానీ ప్రతి కోర్‌కీ క్షణం ఆగకుండా పని అందితేనే ఆ లెక్క. అదే కంపెనీది 2018లో వచ్చిన 2080 టీఐ కార్డ్‌కి 13.4, 2020లో వచ్చిన 3070కి 20.3. కాగితం మీద సగానికి సగం ఎక్కువ. గేముల్లో పెడితే రెండూ దాదాపు సమానం. కొత్త తరంలో కోర్లలో సగం పూర్ణసంఖ్యల పని కూడా చూసుకోవాలి. ఆ పనిలో ఉన్నంతసేపూ టెరాఫ్లాప్స్‌లో లెక్కేసిన పని, అంటే దశాంశ సంఖ్యల లెక్కలు, చెయ్యలేవు. అందుకని తరం మారినప్పుడు ఆ అంకెలు పక్కపక్కన పెట్టి చూడకు.

4060 బస్ కూడా 128 బిట్లే, సెకనుకి 272 జీబీ. అయితే చిప్‌లోనే 24 ఎంబీ క్యాష్, అంటే చేతికందే చిన్న మెమరీ, పెట్టారు, 3060లో అది 3 ఎంబీనే. మాటిమాటికీ మెమరీ దాకా వెళ్లక్కర్లేదు కాబట్టి ఇరుకు బస్‌తో నెట్టుకొస్తుంది. కరెంటు కూడా 170 వాట్లకి బదులు 115 వాట్లే. నీ సీను 8 జీబీలో పట్టినంతకాలం 4060యే త్వరగా రెండర్ చేస్తుంది (సీనుని పూర్తి బొమ్మగా తయారుచేస్తుంది), గది కూడా తక్కువ వేడెక్కుతుంది. పట్టకపోతేనే గొడవ. రెండర్ ఆగిపోతుంది, లేదా డేటా కోసం మదర్‌బోర్డ్ దాటి ర్యామ్ దాకా పోవాలి. మదర్‌బోర్డ్‌కి కలిపే పీసీఐ దారిలో 4060 వాడేది ఎనిమిది లేన్లే (వరసలే). నీ పాత బోర్డులో ఆ పీసీఐ మూడో తరంది, ఆ దారిలో వచ్చేది సెకనుకి 8 జీబీ లోపే. 272 ఎక్కడ, 8 ఎక్కడ!

అందుకని ఇవాళే నీ ఫైళ్లలో అన్నిటికంటే బరువైనది తెరిచి రెండర్ పెట్టు. మెమరీ ఎంత తింటోందో బ్లెండరే చూపిస్తుంది. ఇప్పటికే ఆరేడు జీబీలు తింటుంటే 12 జీబీ 3060 తీసుకో. నా ఓటు దానికే. నువ్వు ఇక్కడితో ఆగేదానివి కాదు, రేపు ఇంకా పెద్ద సీన్లు చేస్తావు.

వాడిన కార్డ్ అయితే మాత్రం వద్దు. 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టో నాణెం మైనింగ్ (కార్డులతో లెక్కలు చేయించి నాణేలు సంపాదించడం) ఆగిపోయాక, రాత్రింబవళ్లు నడిచిన కార్డులు బోలెడు సెకండ్ హ్యాండ్‌లోకి వచ్చాయి. బిల్లు నీ పేరు మీద తీసుకో. ఎస్ఎంపీఎస్, అదే కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా, 550 వాట్లది, మంచిది బిగించు. గదిలో ప్లగ్‌కి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌ని పిలిచి చూపించు, ఇది మాత్రం రేపటికి వాయిదా వెయ్యకు. రెండర్ పెట్టి తెల్లవార్లూ దాని ముందు కూర్చోకు తల్లీ. అది నడుస్తుంటుంది, నువ్వు పడుకో.

ఆదివారం మీ నాన్న గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాడు. పిన్ని ఆవకాయ పెట్టింది. ఆ ఆరు కార్డుల్లో ఒకటి ఇన్నాళ్లూ బీరువాలోనే ఉంది, అదీ పాత గుడ్డలో చుట్టి పంపుతున్నాను. ఆ ఖాళీ గళ్లు ఒకసారి వేలితో తడిమి చూడు. డబ్బు కట్టేముందు నీ కార్డ్ అట్టపెట్టె నాలుగు వైపులా ఫోటోలు తీసి పంపు. బిగించాక, కార్డ్ వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్ తెరిచి, బస్ విడ్త్ అన్న గడిలో ఎంత ఉందో నాకు ఫోన్ చేసి చెప్పు. అర్ధరాత్రయినా ఎత్తుతాను.

మీ బాబాయి