బ్యాలే కంటే ఆ తల్లిని చూసి భయపడాలి

ప్రశ్న: మాది హనుమకొండ. మా పాప రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ. చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంది. పదో తరగతికి వచ్చాక మేమే మాన్పించాం. ఇప్పుడు పాశ్చాత్య నృత్యమైన బ్యాలే నేర్చుకుని అదే వృత్తిగా తీసుకుంటానంటోంది. ‘బ్లాక్ స్వాన్’ సినిమా చూసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. బ్యాలేనా, ఇంజినీరింగా? పోల్చి చెప్పగలరు.

జవాబు: అమ్మా, ఒకరు క్రికెట్ అంటారు, ఒకరు సినిమా అంటారు, మీరు బ్యాలే అన్నారు. అడిగేది కోర్సు గురించే అయినా, పిల్ల చేయి దాటిపోతుందేమోనన్నదే అందరి భయం. డారెన్ అరొనాఫ్‌స్కీ 2010లో తీసిన ఆ చిత్రం, ‘స్వాన్ లేక్’ అనే బ్యాలేలో ప్రధాన పాత్ర దక్కిన నీనా మతి చెదరడాన్ని ఆమె కళ్లతోనే చూపిస్తుంది. చర్మంలోంచి ఈకలు మొలవడం ఆమె భ్రమ. కాలిగోళ్లు చిట్లడం, తిన్నది కక్కేయడం మాత్రం ఆ రంగంలో నిజంగా ఉన్న బాధలే.

అయితే మీరు గమనించవలసింది నీనా తల్లిని. కూతురి కోసమే తన నృత్యం వదులుకున్నానన్నది ఆమె లెక్క. పాత్ర వచ్చిందని కేకు తెస్తుంది; కడుపు బాగాలేదు, కొంచెం చాలని నీనా అనగానే మొత్తం కేకును చెత్తబుట్టలో పడేయబోతుంది. ఆ పిల్ల బెదిరిపోయి క్షమించమని తింటుంది. “నీ కోసమే అన్నీ మానుకున్నాను” అన్న మాట మన ఇళ్లలో వినబడనిదా? తెల్లవారకముందే స్టడీ అవర్‌కు లేపి, రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టి, వారం వారం ర్యాంకులు గోడకు అంటించే చోటికి మీరే ఫీజు కట్టి పంపి, తెర మీది ఒత్తిడికి నిద్ర పోగొట్టుకోవడం నాకు విడ్డూరంగా ఉంది. కటువుగా అన్నాననుకున్నా ఫరవాలేదు.

అలాగని బ్యాలేకు పంపమనడం లేదు. అందులో వృత్తిస్థాయికి చేరేవారు సాధారణంగా పదేళ్లలోపే మొదలుపెడతారు. పాదాలు, నడుము బలపడ్డాక, పదకొండు పన్నెండేళ్లకు, మునివేళ్ల మీద నిలబెట్టే పాయింట్ షూ తొడుగుతారు. ఇరవై నిండకముందే బృందాల్లో చేరతారు. నలభై లోపే చాలామంది వేదిక దిగిపోతారు. మీ పాప ఇప్పుడు మొదలుపెట్టి ఆ వరుసలో నిలబడటం చాలా కష్టం. పైగా మన దేశంలో బ్యాలేతో దొరికే ఉపాధి ఎక్కువగా నేర్పడంలోనే ఉంది. కొన్ని నెలల కోర్సు చేస్తే విదేశీ వేదికలు ఎక్కిస్తామనే ప్రకటనలను నేను నమ్మను. వీడియోలు చూసి ఇంట్లో పాయింట్ షూ వేసుకోవడం మరీ ప్రమాదం, చీలమండ దెబ్బతింటుంది.

కానీ ఆమె కూచిపూడి ఎక్కడికీ పోలేదు. రుక్మిణీదేవి అరుండేల్ మొదట నేర్చుకున్నది బ్యాలేనే. మీ దేశపు నృత్యాన్ని చూడమని రష్యన్ బ్యాలే నర్తకి అన్నా పావ్లోవా సలహా ఇచ్చాక భరతనాట్యం వైపు తిరిగి, 1936లో మద్రాసులో కళాక్షేత్రం అనే నృత్య విద్యాలయం స్థాపించారు. మనకు దగ్గరలోనే, కాకతీయుల సేనాని జాయపసేనాని రాసిన నృత్య గ్రంథం ‘నృత్తరత్నావళి’ని, రామప్ప గుడి శిల్పాలను ఆధారం చేసుకుని నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. డిగ్రీ తర్వాత నృత్యంలో పీజీ చేయడానికి హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఉంది.

ఇక పోలిక: ఇంజినీరింగ్‌కు ఒక ఏడాది ఆలస్యమైనా కొంప మునగదు, బ్యాలేకు వయసు ఆగదు. అంతకు మించి తేల్చవలసిన తొందర ఈ ఏడాది లేదు. నీనా తన మనసులోది తల్లికి చెప్పుకోలేకపోయింది. మీ పాప చెప్పింది, కాబట్టి మీ ఇల్లు ఆ ఇల్లు కాదు, ధైర్యంగా ఉండండి. రెండో ఏడాదికి హాస్టల్ మాన్పించి డే స్కాలర్‌గా చేర్చే వీలుందేమో కనుక్కోండి, వారానికి రెండు సాయంత్రాలు కూచిపూడి మళ్లీ మొదలుపెట్టించండి. ఆమె తిండి తగ్గించినా, నెలసరి తప్పినా, డాన్సు క్లాసు, వీక్లీ టెస్టు రెండూ పక్కన పెట్టి ముందు డాక్టరుకు చూపించండి.