చదువు మీద శ్రద్ధ తగ్గి కాదు

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి. నిరుడు లెక్కల్లో ఎనభైకి తగ్గేవాడు కాదు, ఇప్పుడు నలభై దాటడం లేదు. ఇంటి అప్పుల గురించి రాత్రిళ్లు నాకూ మావారికీ గొడవలు. వాడు పుస్తకం తెరిచే కూర్చుంటాడు కానీ, మాటిమాటికీ మంచినీళ్లంటూ వంటగదిలోకి వస్తాడు. పొద్దున్నే తలనొప్పి అంటాడు. హాస్టల్లో చేర్పిస్తే దారిలో పడతాడని మావారి మాట. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఆ మంచినీళ్ల సంగతి రాసి మంచి పని చేశారు. వాడు ఏ సమయంలో వస్తున్నాడో రెండు రోజులు గమనించండి. మీ గొంతులు లేచినప్పుడే అయితే, అది దాహం కాదు. మీరిద్దరూ ఎలా ఉన్నారో చూసి వెళ్తున్నాడు. చెవి పక్కగదిలో ఉన్న పిల్లవాడికి లెక్క ఎలా తెగుతుంది? ఒక మెట్టు గుర్తుంచుకుంటేనే తర్వాతి మెట్టు వేయగలం. భయం ముందుగా దెబ్బతీసేది ఆ పట్టునే. ఈ వయసుకు ఎనిమిది గంటలైనా నిద్ర కావాలి, అదీ కరువవుతోంది. తలనొప్పిని సాకు అనుకోకండి. కళ్లు పరీక్ష చేయించి, డాక్టరుకు చూపించండి.

అప్పుల మాట రాత్రి ఎత్తవద్దు. వాడు బడికి వెళ్లాక, ఆదివారమైతే బయట ఎక్కడైనా, కాగితం మీద లెక్క రాసుకుని మాట్లాడుకోండి. కుదరకపోతే ఇద్దరికీ గురి ఉన్న పెద్దమనిషిని కూర్చోబెట్టుకోండి. ‘మీ నాన్నకు చెప్పు’ అని వాడి చేత కబుర్లు పంపడం ఈ రోజే మానేయండి. ఇద్దరూ కలిసి వాడితో ఒక్క మాట చెప్పాలి: ‘ఇది డబ్బు గొడవ. నీ వల్ల వచ్చింది కాదు, నువ్వు తీర్చాల్సిందీ కాదు.’ పిల్లలు చాలాసార్లు తమ ఫీజులే అప్పులకు కారణమని లోపల కుమిలిపోతుంటారు.

ఇంట్లో కొంత ఒత్తిడి ఉందని క్లాస్ టీచరుకు చెప్పండి, వివరాలు అక్కర్లేదు. వాడు మీతో విప్పి చెప్పలేకపోతే, మనసులోని బాధ చెప్పుకోవడానికి ప్రభుత్వ ఫోన్ సాయం టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. గొడవ చేయి చేసుకునేదాకా వెళ్తుంటే మాత్రం ఈ సర్దుబాట్లు సరిపోవు. మీకు మహిళల హెల్ప్‌లైన్ 181, పిల్లవాడికి పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉన్నాయి, ఆలస్యం చేయకండి.

హాస్టల్ ఇప్పుడు వద్దనే నా అభిప్రాయం. అక్కడికి పంపినా ‘అమ్మ ఎలా ఉందో’ అన్న బెంగ వెంటే వెళ్తుంది, పైగా తనను తప్పించారనుకుంటాడు. మార్చిలో పరీక్షలయ్యాక, ఇంటర్ ఎక్కడ చదవాలో మాట్లాడుకునేటప్పుడు వాడినే అడగండి.