రిలేకు మన మాట ‘అంచె’

సందేహం: పలు ఆంటెన్నాలున్న వైర్‌లెస్ వ్యవస్థల్లో రిలే పద్ధతుల గురించి విద్యార్థుల కోసం తెలుగులో వ్యాసం రాస్తున్నాను. రిలేను ‘పునర్‌ప్రసారం’ అనవచ్చా? ‘యాంప్లిఫై అండ్ ఫార్వర్డ్’ను ‘విస్తరించు మరియు ముందుకు పంపు’ అంటే సరిపోతుందా?
– ఇంజినీరింగ్ అధ్యాపకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: పునర్జన్మ, పునరుక్తి సరే. ‘ప’కారం ముందు మాత్రం ఆ రేఫ (ర్) రాదు, విసర్గ నిలుస్తుంది: పునఃప్రసారం. రూపం దిద్దినా అర్థం కుదరదమ్మా. నిన్నటి కార్యక్రమాన్ని ఇవాళ మళ్లీ వేస్తే పునఃప్రసారం. రిలే అనే ఉంచుదామంటే, 2021లో కూర్మన్నపాలెంలో మొదలైన ఉక్కు కార్మికుల రిలే దీక్షలు మీ విద్యార్థులకు గుర్తొస్తాయి. అక్కడ రిలే అంటే వంతులవారీగా కూర్చోవడం. మీకు కావలసింది ఒకరు అందుకుని మరొకరికి అందించడం.

దానికి అంచె ఉంది. టపా మోసే మనిషో గుర్రమో మారే మజిలీ అంచె. కన్నడంలో ఇప్పటికీ తపాలాను అంచె అనే అంటారు. ఫ్రెంచి నుంచి వచ్చిన రిలేకు కూడా మొదటి అర్థం, దారిలో మార్పు కోసం సిద్ధంగా ఉంచిన వేటకుక్కలు, గుర్రాలే! ‘అంచెలంచెలుగా’ అని రోజూ అంటూ ఈ మాటను వదులుకోవడం నాకు బాధగా ఉంది. నగరానికీ యారాడ తీరానికీ మధ్య కొండ అడ్డు. ఇవతలి సంకేతాన్ని కొండమీద అందుకుని ఆవలికి అందించే కేంద్రం ఉంటే, అది అంచె కేంద్రం. ఆ పని అంచె ప్రసారం.

ఇక రెండోది. ‘విస్తరించు’ అంటే పరచుకోవడం. ఇక్కడ సంకేతం బలం పెరుగుతోంది. ‘మరియు’ అసలే అక్కరలేదు. ఒకే కర్త వెంటవెంటనే చేసే పనులకు మనకు క్త్వార్థకం (‘చేసి’, ‘చూసి’ వంటి రూపం) ఉంది: పెంచి పంపడం. సంకేతంతోపాటు రొద (నాయిస్) కూడా పెరుగుతుందన్నది ఆ మాటలోనే తోస్తుంది. సందేశాన్ని విప్పి, మళ్లీ కట్టి పంపితే విప్పి పంపడం (డీకోడ్ అండ్ ఫార్వర్డ్). అప్పుడు రొద అక్కడే ఆగుతుంది, తప్పుగా విప్పితే మాత్రం ఆ తప్పే ముందుకు పోతుంది. మూడో పద్ధతిలో అందుకున్న సంకేతాన్ని విప్పకుండానే కుదించి పంపుతారు. అది కుదించి పంపడం (కంప్రెస్ అండ్ ఫార్వర్డ్). ఈ చివరి రెంటికీ పునాది 1979లో సమాచార సిద్ధాంత శాస్త్రవేత్తలు థామస్ కవర్, అబ్బాస్ ఎల్ గమాల్ ప్రచురించిన పత్రం.

ఆంటెన్నాలు పలు ఉన్నప్పుడు అంచె కేంద్రం ఒక్కో ఆంటెన్నా అందుకున్నదానికి తగిన తూకం వేసి, కలిపి, గమ్యం వైపు మళ్లించగలదు. అక్కడ ‘తూచి, కలిపి, పెంచి పంపడం’ అని రాయండి. క్త్వార్థకాలు ఎన్ని వరసగా వచ్చినా వాక్యం తడబడదు.