ఏటా కొత్త ఆండ్రాయిడ్ వస్తుంటే యాప్‌ల పని నేర్చుకోవడం దండగేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్ఈ మూడో సంవత్సరం. కాలేజీ మినీ ప్రాజెక్టుకి, వాళ్ల నానమ్మకి పనికొస్తుందని, మందుల టైం గుర్తు చేసే యాప్ జావాలో చేసింది. ఆండ్రాయిడ్ 12 ఉన్న తన ఫోన్‌లో బాగానే నడుస్తోంది. మా తమ్ముడు ఆండ్రాయిడ్ 15 ఫోన్ కొన్నాడు. అందులో సేవ్ బటన్ సగం కింది మూడు బటన్ల వెనక్కి పోతోంది. ఎలాగోలా నొక్కితే యాప్ మూసుకుపోతోంది. తను నేర్చుకున్నదంతా పాతబడిపోయిందని అమ్మాయి టెన్షన్ పడుతోంది. ఆండ్రాయిడ్ 16 కొత్త ఫీచర్ల మీద ప్రత్యేక కోర్సు ఉంది, 30 వేలు అంటున్నారు అమీర్‌పేటలో ఒక చోట. చేర్పించాలా? లేక ఐఫోన్ యాప్‌ల వైపు పంపాలా? 8 జీబీ ల్యాప్‌టాప్ మార్చాలా? నాకు మలక్‌పేటలో మొబైల్ రిపేర్ షాపు ఉంది.
– ఒక తండ్రి

జవాబు: కోర్సు డబ్బు ప్రస్తుతానికి జేబులోనే ఉంచుకోండి. మీ అమ్మాయి చేతిలో ఉన్న ఆ చెడిపోయిన యాప్ కంటే మంచి పాఠం ఆ 30 వేలకు దొరకదు.

ముందు మీ తమ్ముడి ఫోన్ సంగతి చూద్దాం. అక్కడ రెండు వేరువేరు సమస్యలున్నాయి, రెండింటికీ కారణాలు గూగుల్ రాసిపెట్టినవే. 2024లో వచ్చిన ఆండ్రాయిడ్ 15 నుంచి, ఆ వెర్షన్‌ని టార్గెట్ చేసిన (అంటే ఆ వెర్షన్ నియమాల ప్రకారం నడుస్తానని కోడ్‌లో చెప్పుకున్న) యాప్ స్క్రీన్ ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుంటుంది. పైన గడియారం ఉండే పట్టీ కిందకీ, కింద మూడు బటన్ల కిందకీ యాప్ వెళ్లిపోతుంది. అక్కడ ఎంత చోటు వదలాలో ఫోన్‌ని అడిగి తెలుసుకుని సర్దుకోవలసింది యాప్ రాసినవాళ్లే. అమ్మాయి యాప్ ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేసి ఉంటుంది, ఆ సర్దుబాటు మాత్రం చేయలేదు, బటన్ కిందకి జారింది. 'విండో ఇన్‌సెట్స్' అని వెతకమనండి. ఒక సాయంత్రం పని.

యాప్ మూసుకుపోవడం కాస్త లోతైన విషయం. ఫలానా నిమిషానికే మోగాలి అనే కచ్చితమైన అలారానికి ఆండ్రాయిడ్ 12లో, అంటే 2021లో, ప్రత్యేక అనుమతి పెట్టారు. అప్పట్లో యాప్ కోరితే అది మామూలుగా దొరికేసేది. అందుకే అమ్మాయి ఫోన్‌లో ఇబ్బంది రాలేదు. 2023లో వచ్చిన ఆండ్రాయిడ్ 14 నుంచి, కొత్తగా వేసుకున్న చాలా యాప్‌లకు ఆ అనుమతి ముందే ఉండదు. మనిషి సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇవ్వాలి. ఉందో లేదో చూసుకోకుండా యాప్ అలారం పెట్టబోతే సిస్టమ్ ఎర్రర్ విసురుతుంది, యాప్ పడిపోతుంది. సేవ్ నొక్కగానే జరుగుతున్నది ఇదే అయి ఉంటుంది. ఫోన్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపి లాగ్‌లో, అంటే ఏం జరిగిందో సిస్టమ్ రాసుకునే చిట్టాలో, 'సెక్యూరిటీ ఎక్సెప్షన్' అని ఉందేమో చూస్తే తేలిపోతుంది.

దీన్ని సరిచేసే దారులు ఒకటి కంటే ఎక్కువ ఉన్నాయి. అనుమతి ఉందో లేదో చూసి, లేకపోతే సెట్టింగ్స్ పేజీకి తీసుకెళ్లొచ్చు. లేదంటే అసలు కచ్చితమైన అలారం అవసరమా అని ఆలోచించొచ్చు. నానమ్మ బీపీ మాత్ర ఎనిమిదింటికి కాకుండా ఎనిమిదీ పదికి వేసుకుంటే కొంపలేం మునగవు కదా. అటూ ఇటూగా మోగే అలారానికి ఈ అనుమతే అక్కర్లేదు. ఫోన్‌ని మాటిమాటికీ నిద్ర లేపితే బ్యాటరీ అయిపోతుందన్నదే గూగుల్ బాధ. ఆ బాధ 2015లో ఆండ్రాయిడ్ 6లో, వాడకుండా పక్కన పెట్టిన ఫోన్‌ని నిద్రపుచ్చే 'డోజ్' పెట్టినప్పటి నుంచీ ఉంది. ఏ మందుకి ఏ అలారం సరిపోతుందో అమ్మాయి తేల్చుకుని, ఎందుకలా తేల్చుకుందో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో పది నిమిషాలు దాని మీదే గడిచిపోతాయి.

ఇంకో చిక్కు కూడా ఎదురవుతుంది, ముందే చెప్తున్నాను. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్ చూపించాలన్నా మనిషిని అడగాలి. యాప్ తెరవగానే ఆ పెట్టె వస్తే మనవాళ్లు చదవకుండా 'వద్దు' నొక్కేస్తారు. రెండుసార్లు వద్దంటే యాప్ మళ్లీ అడగడానికి లేదు. అందుకని మొదటి మందు పేరు రాసి టైం పెట్టిన తర్వాత, ఎందుకు అడుగుతున్నామో ఒక ముక్క తెలుగులో చెప్పి అప్పుడు అడగాలి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న. ఏటా మారిపోయే దాంట్లో కెరీర్ ఏముంటుంది అంటున్నారు. ఏటా మారుతుంది కాబట్టే ఉంటుందండీ. 2025 ఆగస్టు 31 నుంచి ప్లే స్టోర్‌లో పెట్టే కొత్త యాప్ అయినా, పాత యాప్‌కి అప్‌డేట్ అయినా కనీసం ఆండ్రాయిడ్ 15ని టార్గెట్ చేయాలని గూగుల్ నిబంధన. ఇలాంటి గడువు ఏటా ముందుకు జరుగుతూనే ఉంటుంది. బ్యాంకు యాప్ కానీ, బస్సు టికెట్ల యాప్ కానీ, అది రాసినవాడు ఉద్యోగం మారి వెళ్లిపోయినా, దాన్ని ఎవరో ఒకరు కొత్త వెర్షన్‌కి తీసుకెళ్లాల్సిందే. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో చేరిన కొత్తవాళ్లకి మొదటిరోజే కొత్త యాప్ రాయమని ఇవ్వరు. ఇలా ఉన్నదాన్ని కూలకుండా కాపాడే పనే ముందు ఇస్తారు. ఫ్రెషర్లకి ఆండ్రాయిడ్ ఉద్యోగాలు కుప్పలుగా ఉన్నాయని నేను చెప్పను. పోటీ గట్టిగానే ఉంది. కాకపోతే రెజ్యూమేల్లో అందరూ టు-డూ లిస్ట్ యాప్, కాలిక్యులేటర్ యాప్ రాస్తారు. 'ఈ యాప్‌ని ఆండ్రాయిడ్ 12 నుంచి 15కి తెచ్చాను, ఇవి విరిగాయి, ఇలా బాగుచేశాను' అని రాసేవాళ్లు నాకు అరుదుగా కనిపిస్తారు.

కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా యూట్యూబ్‌లో 'టాప్ 10 ఫీచర్లు' వీడియోలు వస్తాయి. దొంగ లాక్కుని పరిగెడితే లాక్ అయ్యే ఫోన్, యాప్‌లను దాచుకునే ప్రైవేట్ స్పేస్, 2025 జూన్‌లో వచ్చిన ఆండ్రాయిడ్ 16లో ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందో చూపించే నోటిఫికేషన్లు. చూడ్డానికి బాగుంటాయి, చూడనివ్వండి. చదవాల్సింది మాత్రం గూగుల్ డెవలపర్ సైట్‌లో ప్రతి వెర్షన్‌కీ ఉండే 'బిహేవియర్ చేంజెస్' పేజీ. అందులో రెండు భాగాలుంటాయి: ఆ వెర్షన్ ఉన్న ఫోన్‌లో అన్ని యాప్‌లకూ వర్తించేవి, ఆ వెర్షన్‌ని టార్గెట్ చేసిన యాప్‌లకే వర్తించేవి. ఈ తేడా పట్టుబడితే సగం భయం పోతుంది. పేజీలో ఉన్నవన్నీ మనకి తగలవు కూడా. ఫోన్ మెమరీకి సంబంధించి 16 కేబీ పేజీ సైజు అని ఒకటి వింటారు. సీ, సీ ప్లస్ ప్లస్ ముక్కలున్న యాప్‌లకే దానితో పని, అమ్మాయి యాప్‌లో అలాంటి లైబ్రరీలు లేకపోతే వదిలేయొచ్చు. పెద్ద స్క్రీన్లలో యాప్‌ని నిలువుకే కట్టేయడం కుదరదన్న ఆండ్రాయిడ్ 16 మార్పు మాత్రం, ఆ వెర్షన్‌ని టార్గెట్ చేసినప్పుడు తగులుతుంది. దానికి ట్యాబ్‌లో ఒకసారి తిప్పి చూస్తే చాలు.

జావా వృథా కాలేదు. కాకపోతే గూగుల్ 2019 నుంచే కాట్లిన్ అనే భాషకి మొదటి పీట వేసింది, స్క్రీన్లు గీయడానికి ఎక్స్‌ఎంఎల్ బదులు 2021లో జెట్‌ప్యాక్ కంపోజ్ పూర్తి స్థాయిలో వచ్చింది. ఇదే మందుల యాప్‌ని కాట్లిన్, కంపోజ్‌లో మళ్లీ రాయమనండి. రెండూ గూగుల్ సైట్‌లో ఉచితంగా నేర్పుతున్నారు. ఏఐ రాసిపెడుతుంది కదా అంటారు ఫ్రెండ్స్. రాస్తుంది, తప్పకుండా వాడుకోవచ్చు. అయితే అది పాత కోడ్ చూసి నేర్చుకున్నది కనుక, ఆండ్రాయిడ్ 11 నాడే పక్కన పెట్టిన అసింక్‌టాస్క్ లాంటివి అప్పుడప్పుడూ తెచ్చి అతికిస్తుంది. అది పట్టుకోవడానికి మనిషే కావాలి.

ఐఫోన్ వైపు ఇప్పుడే వద్దు. అక్కడా ఇదే తంతు. 2025 సెప్టెంబరులో ఐఓఎస్ 26 లిక్విడ్ గ్లాస్ అంటూ రూపమే మార్చేసింది, అక్కడి డెవలపర్లూ తమ యాప్‌లు మళ్లీ సర్దుకున్నారు. పైగా మ్యాక్ కొనాలి, స్టోర్‌లో పెట్టాలంటే ఏటా 99 డాలర్లు కట్టాలి. ఒకే కోడ్‌తో రెండు రకాల ఫోన్లకూ యాప్ చేసే ఫ్లట్టర్ నేర్చుకున్నా పైన చెప్పిన అనుమతుల గొడవ తప్పదు.

ఇక మీ షాపు. ఫోన్ అప్‌డేట్ అయ్యాక ఫలానా యాప్ పనిచేయట్లేదని మీ కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు రోజూ ఉండే ఉంటారు. ఆదివారం అమ్మాయిని షాపులో కూర్చోబెట్టండి. మీ దగ్గర పడి ఉన్న పాత ఫోన్లలో వేరువేరు కంపెనీలవి, వేరువేరు వెర్షన్లవి నాలుగు తీసి తనకివ్వండి. తక్కువైతే అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో సెకండ్‌హ్యాండ్‌వి ఉంటాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. కొన్ని కంపెనీల ఫోన్లు బ్యాటరీ కోసం వెనక నడిచే యాప్‌లను మరీ కఠినంగా ఆపేస్తాయి, అది ఎమ్యులేటర్‌లో, అంటే ల్యాప్‌టాప్ తెర మీద నడిచే ఉత్తుత్తి ఫోన్‌లో, కనిపించదు. అక్షరాల సైజు 200 శాతానికి పెంచి చూడమనండి. ఎత్తు బిగించేసిన బటన్‌లో 'లక్ష్మి' కింది వత్తు కత్తిరించినట్టు పోతుంది. నానమ్మ వయసువాళ్లు పెద్ద అక్షరాలే పెట్టుకుంటారు కాబట్టి ఇది చిన్న తప్పు కాదు.

బాగయ్యాక ప్లే స్టోర్‌లో పెట్టించండి. ఖాతాకి ఒక్కసారి 25 డాలర్లు. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు 12 మందితో వరుసగా 14 రోజులు పరీక్ష చేయించాలి. మేనత్తలు, పిన్నులు, పక్కింటివాళ్లు కలిస్తే ఆ లెక్క సరిపోతుంది. మందుల వివరాలు ఫోన్ దాటి బయటకు పోకుండా రాయమని మాత్రం గట్టిగా చెప్పండి.

ఎక్కడైనా చేరి నేర్చుకుంటేనే కుదురు ఉంటుందని తనకి అనిపిస్తే, డెమో క్లాసుకి ఈ యాప్ పట్టుకెళ్లమనండి. 'ఇది ఆండ్రాయిడ్ 15లో ఎందుకు పడిపోతోంది సార్?' అని అడగాలి. లాగ్ తెరిచి చూసే సార్ అయితే ఫీజు గురించి మాట్లాడండి. 'అవన్నీ కోర్సులో వస్తాయమ్మా' అంటే కాఫీ తాగి ఇంటికి వచ్చేయండి.

ల్యాప్‌టాప్ మార్చొద్దు. ఖాళీ స్లాట్ ఉంటే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఇంకో 8 జీబీ ర్యామ్ వేయించండి. అప్పటిదాకా ఎమ్యులేటర్ తెరవకుండా, మీరిచ్చిన ఫోన్లనే కేబుల్‌తో కలిపి పని చేసుకోమనండి.