శనివారం పొయ్యి ముట్టని ఇంట్లో పెద్దావిడకి వేడి భోజనం ఎలా?

మీరు అడిగినవి రెండు. జెరూసలేంలో ఆచారాలు గట్టిగా పాటించే ఇంట్లో కేర్‌గివర్‌గా చేరబోతున్నారు, శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా స్టవ్, మైక్రోవేవ్ ముట్టుకోవద్దన్నారు, మరి మంచం మీదున్న ఆవిడకి వేడిగా ఏం పెట్టాలి అన్నది ఒకటి. నేను యూదురాలిని కాదు కదా, నేను వెలిగిస్తే వాళ్లకేంటి ఇబ్బంది అన్నది రెండోది.

నాది కోనసీమ. ఇక్కడ మొదట జెరూసలేంలో, మొరాకో నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబంలో చేశాను. ఇప్పుడు టెల్ అవీవ్ పక్కనున్న బ్నెయ్ బ్రాక్‌ అనే ఊళ్లో, పోలండ్ మూలాలున్న వాళ్లింట్లో ఉన్నాను. షబ్బాత్, అంటే శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం రాత్రి దాకా ఉండే విశ్రాంతి దినం, దాని విషయంలో ఇద్దరూ అంగుళం పక్కకి జరిగేవాళ్లు కాదు. అయినా ఒకరింట్లో చెల్లిన పని ఇంకొకరింట్లో చెల్లదు. కాబట్టి నేను చెప్పేది దారి తెలియడానికి మాత్రమే. మీ ఇంట్లో చివరి మాట వాళ్ల రబ్బీదే, అంటే వాళ్ల మతగురువుదే.

ముందు ఒక భయం తీసేస్తాను. షబ్బాత్ రోజు చల్లటి తిండి తినాలని ఎక్కడా లేదు. పైగా వేడిగా తినడమే గౌరవం అంటారు. దీని వెనక పాత గొడవ ఒకటుంది. విశ్రాంతి దినాన ఇళ్లలో నిప్పు రాజేయకూడదని నిర్గమకాండం 35వ అధ్యాయం మూడో వచనంలో ఉంది. కరాయీట్లు అనే వర్గం వాళ్లు, ముందే వెలిగించిన నిప్పు కూడా ఇంట్లో ఉండకూడదని దానికి అర్థం చెప్పుకున్నారు. రబ్బీలు అలా కాదన్నారు: కొత్తగా వెలిగించకూడదు, ముందు వెలిగించింది దాని మానాన అది మండితే తప్పులేదు. 12వ శతాబ్దంలో జెరహియా హలేవీ అనే పండితుడైతే, షబ్బాత్ రోజు వేడి భోజనం తినని వాణ్ణి అనుమానించాలని రాసేశాడు. శనివారం మధ్యాహ్నం ప్రతి ఇంట్లో పొగలు కక్కే కుండ ఒకటి ఉండడానికి రుచితో పాటు ఆ పంతం కూడా కారణమే.

కాబట్టి సూత్రం ఇది: వేడి పుట్టించే పని ఏదైనా షబ్బాత్ మొదలవక ముందే అయిపోవాలి. మన దగ్గర ఏడవ దిన ఎడ్వెంటిస్టు కుటుంబాలను చూసి ఉంటే, శుక్రవారం పొద్దు గూకక ముందే వంట ముగించడం మీకు కొత్తేమీ కాదు. ఇక్కడ లెక్కలు ఇంకాస్త లోతుగా ఉంటాయి, అంతే.

నిషిద్ధమైన పనులు 39 రకాలు అని మిష్నా అనే పాత ధర్మ సంకలనంలో ఉంది. నిప్పు వెలిగించడం, ఆర్పడం, వండడం అందులోవే. అసలు వంట ముందే అయిపోయి, కుండ పొయ్యి మీద ఉండిపోతే ఏంటి సమస్య? మనిషి బుద్ధి. కూర ఇంకా ఉడకలేదే అనిపించి చెయ్యి ఊరుకోదు, నిప్పు ఎగదోస్తాడు. అందుకే పొయ్యిలో నిప్పులు ఊడ్చేయాలి, లేదా పైన బూడిద కప్పాలి అని నియమం పెట్టారు. మన పల్లెల్లో మట్టిపొయ్యి మీద పాలు కాగబెట్టడం చూసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. నివురు గప్పిన నిప్పు మీద దాక వదిలేస్తే సాయంత్రానికి మీగడ ఎర్రబడుతుంది, మధ్యలో ఎవరూ పొయ్యి కెలకరు. అదే ఆలోచన.

ఎంత ఉడికితే 'ఉడికినట్టు' అన్నదానికి, మిష్నా మీద రబ్బీల చర్చలున్న తాల్మూద్ అనే గ్రంథంలో బెన్ ద్రోసాయ్ అనే బందిపోటు కొలత ఉంది. వాడికి ఆగే ఓపిక ఉండేది కాదట, సగం ఉడికీ ఉడకని దాన్నే తినేసేవాడట. అదెంత అంటే, మూడో వంతు ఉడకడం అని రాషి, సగం అని మైమోనిడెస్. ఇద్దరూ మధ్యయుగపు పెద్ద పండితులు. దొంగ పేరు మీద ధర్మశాస్త్రంలో కొలత నిలబడిపోవడం నాకు భలే నచ్చింది. మీరు మాత్రం ఆ కొలత జోలికి పోకండి. షబ్బాత్ వచ్చేసరికి ప్రతిదీ పూర్తిగా ఉడికి ఉండేలా చూసుకుంటే సగం టెన్షన్లు పోతాయి. సరిగా ఉడకని కుండ మీద మూత తీసి మళ్లీ పెట్టడం కూడా వంటను తొందరపెట్టడం కిందకే వస్తుంది.

ఈ రోజుల్లో నివురు స్థానంలో రెండు వస్తువులు వచ్చాయి. గ్యాస్ మంట మీద, తిప్పే మీటల మీద కప్పే లోహపు రేకు ఒకటి, దాన్ని బ్లెఖ్ అంటారు. ఇజ్రాయెల్‌లో ఎక్కువగా కనిపించేది ప్లాటా. కరెంటుతో వేడెక్కే పళ్లెం లాంటి పలక. దానికి వేడి పెంచే, తగ్గించే మీట ఉండదు. ప్లగ్ పెడితే వేడి, తీస్తే లేదు. మార్చడానికి ఏమీ లేదు కాబట్టే అది చెల్లుతోంది.

ఇక శుక్రవారం మధ్యాహ్నం. జెరూసలేంలో సూర్యాస్తమయానికి 40 నిమిషాల ముందే దీపాలు పెట్టే ఆచారం, చాలా ఊళ్లలో అయితే ఒక 20 నిమిషాల ముందు. డిసెంబరులో జెరూసలేంలో సాయంత్రం 4 కే షబ్బాత్ వచ్చేస్తుంది, జూన్‌లో 7 దాటుతుంది. ఊరంతా వినపడేలా సైరన్ మోగుతుంది. ఆ సైరన్ అప్పుడు పరుగులు పెట్టే బదులు గంట ముందే ప్లాటా ప్లగ్ పెట్టేయండి. పలక అంతా ఒకేలా కాలదు. మధ్యలో బాగా వేడి, అంచుల్లో తక్కువ. రాత్రంతా మగ్గే హమీన్ కుండ మధ్యలో. సూప్ దాని పక్కన. కోడి ముక్కలు, బంగాళదుంపల ట్రే ఇంకో పక్క. అంచున బ్రెడ్డు లాంటివి పెట్టొచ్చు కానీ మాంసం మాత్రం వద్దు. వండిన పదార్థం 60 డిగ్రీలకి పైన ఉంటేనే క్షేమం, అంచున రాత్రంతా గోరువెచ్చగా ఉన్న చికెన్ పెద్దవాళ్ల కడుపుకి చేటు.

హమీన్ అంటే మాంసం, శనగలు, గోధుమలు, బంగాళదుంపలు కలిపి చేసే వంట. అష్కెనాజీలు, అంటే మధ్య, తూర్పు యూరప్ మూలాలున్న యూదులు, చోలెంట్ అంటారు. బార్లీ, చిక్కుడు గింజలు వేస్తారు. మొరాకో వాళ్లది దఫీనా. నేను చేసిన ఇంట్లో సవ్తా, అంటే అవ్వ, గోధుమల్ని వెల్లుల్లి, మిరపపొడితో కలిపి చిన్న గుడ్డ సంచిలో మూట కట్టించేది. ఆ మూట, పెంకు తియ్యని కోడిగుడ్లు, చిలగడదుంప, బొమికతో ఉన్న మాంసం, అన్నీ ఒకే కుండలో. కూరగాయలు తరిగేది నేనే, ఉప్పు చూసేది వాళ్ల కోడలు. కుండ పొయ్యి మీదకి ఎక్కించే ముందు మాత్రం సవ్తాని వీల్‌చైర్‌లో వంటింట్లోకి తేవాలి. వణికే చేతులతో కుండ చెవి పట్టుకుని ఆవిడే పొయ్యి మీద ఆనించేది, బరువు నేను మోసేదాన్ని. యూదులు కానివాళ్లు మొదటి నుంచి చివరి దాకా వండింది వాళ్లు తినరు. సెఫర్దీలు, అంటే స్పెయిన్, మొరాకో వైపు సంప్రదాయం వాళ్లు, కుండ పెట్టేది కూడా యూదుల చెయ్యే కావాలంటారు. బ్నెయ్ బ్రాక్ ఇంట్లో పొయ్యి వెలిగించేది వాళ్లయితే చాలు, మిగతాది నేను చూసుకుంటాను. మీరు చేరిన మొదటి వారమే ఈ సంగతి అడగండి, లేకపోతే మీరు ఇష్టపడి వండింది ఎవరూ ముట్టుకోరు, మీకు మనసు నొచ్చుకుంటుంది.

శనివారం తెల్లవారుజామున ఆ కుండ వాసనకి నాకు మెలకువ వచ్చేది. గుడ్లు పెంకు లోపల లేత గోధుమ రంగుకి తిరిగి ఉండేవి, పచ్చసొన మెత్తగా వెన్నలా. పళ్లు లేని ఆవిడకి అదే మొదటి ముద్ద.

శనివారం పనికొచ్చే జాగ్రత్తలు కొన్ని. కుండ ప్లాటా మీద ఉండగా గరిటె పెట్టి కలపకూడదు, కిందకి దింపి వడ్డించాలి. దింపిన కుండ మళ్లీ పెట్టాలంటే షరతులు ఉన్నాయి: నిప్పు కప్పి ఉండాలి, పదార్థం పూర్తిగా ఉడికి ఇంకా వేడిగా ఉండాలి, తిరిగి పెట్టాలన్న ఉద్దేశంతోనే దింపి ఉండాలి, చేతిలోంచి వదిలేయకూడదు. అందుకే వాళ్ల కోడలు ఒక చేత్తో కుండ పట్టుకునే ఇంకో చేత్తో వడ్డించేది.

ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటిదాన్ని వేడి చేయొచ్చా అన్నది అందరూ అడిగేదే. పొడిగా ఉండి ముందే ఉడికిన పదార్థాన్ని మళ్లీ వేడి చేస్తే అది కొత్తగా వండినట్టు కాదు. ద్రవం చల్లారాక మళ్లీ కాగితే మాత్రం వండినట్టే అని ఎక్కువమంది మాట. అందుకని కాల్చిన చికెన్, కుగెల్ (నూడుల్స్ లేదా బంగాళదుంపలతో ఓవెన్‌లో కాల్చే వంటకం) లాంటివి కుదురుతాయి, సూప్ కుదరదు. కాస్త గ్రేవీ ఉన్నా సూప్ లెక్కే. జెరూసలేం ఇంట్లో, ఒకప్పుడు ఇజ్రాయెల్‌లో సెఫర్దీల ప్రధాన రబ్బీగా ఉన్న ఒవాదియా యోసెఫ్ తీర్పుని పాటిస్తారు కాబట్టి పొడి ట్రేని నేరుగా ప్లాటా మీద పెట్టేవాళ్లు. ఇప్పుడున్న ఇంట్లో ముందు ఒక ఖాళీ ట్రేని బోర్లించి, దాని మీద పెడతారు. యెమెన్ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది ద్రవాల విషయంలోనూ ఇంత పట్టింపు పెట్టుకోరు. అదే దేశం, అదే వీధి, మూడు ఇళ్లు మూడు రకాలు.

వేడి నిలవడానికి దుప్పటి చుట్టేద్దాం అనిపిస్తుంది. తొందరపడకండి. కింద వేడి పుట్టించేది ఏదైనా ఉంటే కుండని పూర్తిగా చుట్టడం, షబ్బాత్‌కి ముందు చుట్టినా సరే, కుదరదు. ప్లాటా మీది కుండలన్నిటికీ పైన ఒక గుడ్డ వేసి పక్కల వదిలేస్తే చాలా ఇళ్లలో ఒప్పుకుంటారు. స్లో కుక్కర్ గిన్నెకి చుట్టూ వేడి తగులుతుంది కాబట్టి దాని మీదా ఇదే తగువు. కొందరు అడుగున రేకు ఉండలు పెట్టి గిన్నెని కాస్త పైకి లేపుతారు. వేడి నీళ్లకి షబ్బాత్ మెఖామ్ అనే పెద్ద పాత్ర ఉంటుంది, శుక్రవారమే నింపి కాచి ఉంచుతారు. టీకి నీళ్లు ముందు ఒక ఖాళీ కప్పులోకి, దాన్నుంచి ఇంకో కప్పులోకి వంచి ఆ మూడో పాత్రలో టీ కలుపుతారు. పాత్ర మారే కొద్దీ వండే శక్తి తగ్గుతుందని లెక్క.

ఇక మీ రెండో ప్రశ్న. మీకు ఈ నియమాలు వర్తించవు, నిజమే. కానీ వాళ్లు మీ చేత చేయించుకోకూడదు, వాళ్ల కోసమే మీరు చేసింది వాళ్లు అనుభవించకూడదు. మీ గదిలో మీ కోసం లైటు వేసుకుంటే ఆ వెలుతురు వాళ్ల మీద పడినా పర్లేదు. వాళ్ల సూప్ వేడి చెయ్యడానికి స్టవ్ వెలిగిస్తే అది వాళ్లకి ముట్టరానిది అయిపోతుంది. మీరు మంచి చేద్దామనుకుంటారు, వాళ్లు ఆకలితో ఉండిపోతారు.

దీనికి పెద్ద మినహాయింపు ఉంది, మీ ఉద్యోగానికి సంబంధించింది అదే. మంచాన పడ్డ మనిషి కోసం, ప్రాణాపాయం లేకపోయినా, యూదులు కాని వాళ్లని పని అడగొచ్చు. చలి విషయంలోనైతే అందరూ రోగుల లెక్కే అని వాళ్ల శాస్త్రం అంటుంది, కాబట్టి జెరూసలేం శీతాకాలంలో హీటర్ సంగతి సులువు. ఆవిడ పరిస్థితి ఆ మినహాయింపులోకి వస్తుందా, ఏ పనులకి వస్తుంది అన్నది ఆవిడ కొడుకు వెళ్లి రబ్బీని అడిగి తేల్చుకోవాలి. అది గురువారమే జరగాలి. ఎందుకంటే షబ్బాత్ మొదలయ్యాక ఆ ఇంట్లోవాళ్లు 'స్టవ్ వెలిగించు' అని మీతో నోరు విప్పి అనడానికి వెనకాడతారు, రబ్బీకి ఫోన్ చెయ్యలేరు. మిమ్మల్నే అలా చూస్తూ ఉండిపోతారు. మెత్తగా చేసి పెట్టాల్సిన తిండి, మందులు వేడి నీళ్లతో వేసుకోవడం, ఆవిడ తినకపోతే మళ్లీ ఏం చెయ్యాలి, ఈ మూడూ ముందే రాయించుకోండి. ప్రాణం మీదకి వస్తే మాత్రం ఏ నియమమూ అడ్డు రాదు, వాళ్లే ఫోన్ తీస్తారు. అంబులెన్స్‌కి 101, అగ్నిమాపక దళానికి 102.

ప్లాటా విషయంలో ఒక మాట గట్టిగా చెప్తాను. 2015 మార్చిలో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో షబ్బాత్ కోసం వదిలిన హాట్ ప్లేట్ నుంచి ఇల్లు అంటుకుని ఒకే ఇంటి పిల్లలు ఏడుగురు చనిపోయారు. మీ ఇంట్లో ప్లాటా వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాకుండా నేరుగా గోడ సాకెట్‌కి ఉందో లేదో చూడండి. కర్టెన్లు, ప్లాస్టిక్ టేబుల్ గుడ్డలు దూరంగా ఉండాలి. పొగని పసిగట్టే అలారం పని చేస్తోందా అని శుక్రవారం అడగడానికి మొహమాటపడకండి. వైరు తొక్క పగిలిన పాతది కనిపిస్తే కొత్తది కొనమనండి.

చివరగా మీ తిండి సంగతి. వాళ్ల ప్లాటా మీద మన చేపల పులుసు వేడి చేసుకోవడం కుదరదు, పాత్రలు కూడా కలవకూడదు. చేరేటప్పుడే మీకు వేరుగా చిన్న ఇండక్షన్ స్టవ్, రెండు గిన్నెలు ఇమ్మని అడగండి. శనివారం మీ గదిలో దాన్ని వాడొచ్చా అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి. కొందరు సరే అంటారు, కొందరికి ఇంట్లో ఆ రోజు పొయ్యి వెలగడమే ఇష్టం ఉండదు. అలాంటి ఇల్లయితే శుక్రవారమే పులిహోర కలిపి పెట్టేసుకోండి, మర్నాటికి ఇంకా బాగుంటుంది.