నియంత్రణ అంటే ఆపడమేనా?

సందేహం: "జీఎస్‌కే-3 అనే కైనేజ్ కణంలోని పనులను నియంత్రిస్తుంది, అది అతిగా పనిచేస్తే అల్జీమర్స్‌కు దారితీయవచ్చు" అని ఒక వ్యాసంలో చదివాను. నియంత్రించేది ఎక్కువైతే మంచిదే కదండీ, జబ్బెందుకు వస్తుంది? నియంత్రణ అంటే తగ్గించడమా, నడిపించడమా? – ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

సమాధానం: అమ్మా, ఈ చిక్కంతా కుటుంబ నియంత్రణ తెచ్చిపెట్టింది. ఆ గోడరాతలు చూస్తూ పెరిగాం కాబట్టి నియంత్రణ అంటే మనకు ఆపడమే. షుగరు, దోమలు, ధరలు, ఇప్పుడు అన్నిటికీ అదే మాట.

దీని ధాతువు 'యమ్', పట్టి ఉంచడం. నియమం, సంయమనం, వ్యాయామం, యంత్రం, ఆఖరికి యముడు కూడా అందులోంచి వచ్చినవాళ్లే. వీటిలో నాకు ముద్దొచ్చేది 'యంత'. సారథి అని అర్థం, మావటి అని కూడా. పగ్గాలు ఆపడానికే అయితే మీ ఊళ్లో జట్కా ఎక్కినవాడు స్టాండు దాటేవాడా? లాగాలి, వదలాలి, పక్కకు తిప్పాలి. ఆ యంతకు 'ని' చేరితే నియంత. ఇంత మంచి మాటను తీసుకుపోయి డిక్టేటరుకు అంటగట్టారు మన పత్రికలవాళ్లు! అంకుశానికి లొంగనివాడు నిరంకుశుడు, పగ్గం పట్టినవాడు నియంత. ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తే ఎట్లా?

కైనేజ్ సంగతికొస్తే, గ్రీకులో కదిలించడం అనే మాట నుంచి పుట్టింది, సినిమాకు చుట్టమే. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే అణువు నుంచి ఒక ఫాస్ఫేట్ ముక్క తీసి ఇంకో ప్రొటీన్‌కు తగిలించడం దాని పని. దాంతో కొన్ని ప్రొటీన్లు చురుగ్గా మారతాయి, కొన్ని మందగిస్తాయి. ఒంట్లో చక్కెరను దాచిపెట్టే రూపం గ్లైకోజెన్. దాన్ని తయారుచేసే గ్లైకోజెన్ సింథేజ్ అనే ఎంజైమ్‌ను జీఎస్‌కే-3 మందగింపజేస్తుంది, గ్లైకోజెన్ సింథేజ్ కైనేజ్ అనే దాని పేరే అక్కడిది. అన్నం తిన్నాక ఇన్సులిన్ పెరిగితే ఏక్ట్ అనే మరో కైనేజ్ వచ్చి జీఎస్‌కే-3కే ఫాస్ఫేట్ అంటించి అణుస్తుంది, గ్లైకోజెన్ తయారీ ఊపందుకుంటుంది. అంటే పగ్గం పట్టినదానికీ పగ్గముంది. మెదడులో ఆ పగ్గం సడలితే టౌ అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్లు మితిమీరి అంటుకుంటాయి. నాడీకణంలోని సన్నటి గొట్టాలను పట్టి ఉంచాల్సిన టౌ వాటిని వదిలేసి ఉండలు కడుతుంది. అల్జీమర్స్ రోగుల మెదడులో కనిపించే చిక్కుముడులు ఇవే. నేరమంతా జీఎస్‌కే-3దే అనలేం, సీడీకే5 లాంటి కైనేజ్‌లకూ అందులో చెయ్యి ఉంది.

కాబట్టి ఆ వాక్యం తప్పని నేననను. 'నడుపుతుంది' అని రాస్తే మీకీ టెన్షన్ ఉండేది కాదు, అయితే అందులో ఆపే అర్థం కొంత జారిపోతుంది. మానసిక రుగ్మతలకు మందుగా ఇచ్చే లిథియం మాత్రం ఈ కైనేజ్‌ను నిరోధిస్తుంది. అక్కడ ఎవరైనా నియంత్రిస్తుందని రాస్తే ఒప్పుకోను.